ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పని మనదే

కాన్పయిన ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డల్ని ఇంటికి తెచ్చుకునేటప్పుడు మనం అడగని ప్రశ్న ఉండదు. బరువెంత, కామెర్లు తగ్గాయా, బీసీజీ వేశారా, పోలియో చుక్కలు పడ్డాయా, బర్త్ సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు, పుట్టిన టైము సరిగ్గా రాసుకున్నారా. జాతకానికి నిమిషం తేడా రాకూడదు మనకు. బిడ్డకు చెవులు వినిపిస్తున్నాయా అని మాత్రం అడగం. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఒకరిద్దరు బిడ్డలు రెండు చెవులా సరిగా వినబడకుండానే పుడుతున్నారు. నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి కొన్ని నిమిషాల్లో చేసే పరీక్ష ఉంది. ఓఏఈ అంటారు. సూది లేదు, నొప్పి లేదు, మత్తు లేదు. ఆ యంత్రం లేని ఆసుపత్రులున్నాయి, నిజమే. అడిగేవాళ్లు లేనిచోటికి యంత్రం దానంతట అది నడిచి రాదు.

చెవుడును తేలిగ్గా తీసుకోవడం మనకు ఒంటబట్టిన అలవాటు. కుంటివాణ్ణీ గుడ్డివాణ్ణీ చూస్తే అయ్యో అంటాం, చెవిటివాణ్ణి చూస్తే నవ్వుతాం. సామెతల్లో వాడే నవ్వులపాలు, సినిమాల్లో వాడే నవ్వులపాలు. ఊళ్లో ఒకసారి పేరు ముందు ‘చెవిటి’ తగిలిందంటే చచ్చేదాకా పోదు. ఆ నవ్వు మానడం ఈ పనిలో మొదటి మెట్టు. మిగతా మెట్లు ఎక్కినవాళ్లు ఎలా ఎక్కారో తెలియాలంటే ఒక డాక్టరుగారి జీవితం చూడాలి.

విలియం హౌస్ 1923లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పుట్టారు. ముందు పళ్ల డాక్టరయ్యారు. అది చాలక మళ్లీ వైద్యం చదివి, లాస్ ఏంజిలిస్‌లో చెవి వైద్యుడిగా అప్పటికే పేరున్న అన్నగారు హోవర్డ్ హౌస్ దగ్గర చేరారు. అప్పట్లో చెవి డాక్టరు చేయి చెవి దాటి మెదడు గడప తొక్కేది కాదు. ఆ గడప దాకా దారి ఎలా ఉంటుందో మీరే తడిమి చూసుకోండి. చెవి వెనక గట్టిగా తగిలే బుడిపె మాస్టాయిడ్ ఎముక. లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. దాని పైకప్పుకు ఆవల మెదడు. వెనక గోడకు ఆనుకుని మెదడు నుంచి చెడు రక్తం దించే పెద్ద సిర. ముందువైపు మెదడుకు రక్తం మోసే ధమని. నడిమధ్యనుంచి ముఖాన్ని కదిలించే నరం. ఒంట్లోకెల్లా చిన్న ఎముక స్టేపిస్ కూడా అక్కడే, ఎత్తు మూడు మిల్లీమీటర్లు. ఇంత ఇరుకులో, మైక్రోస్కోపు కింద, నీళ్లు చిమ్ముతూ, వజ్రపు రజను అద్దిన డ్రిల్లు మొనతో ఎముకను అరగదీసుకుంటూ పోవాలి. చేయి పిసరంత పక్కకు జారిందా, రోగికి కన్ను మూతపడదు, మూతి వంకరపోతుంది. గంటల తరబడి ఈ పని. పుర్రె అడుగుభాగం సర్జన్ల బతుకంతా ఈ పిసరు చుట్టూనే తిరుగుతుంది.

చెవినీ మెదడునీ కలిపే నరాల మీద అకౌస్టిక్ న్యూరోమా అనే గడ్డ పుడుతుంది. క్యాన్సర్ కాదు, అయినా పెరిగి పెరిగి మెదడును నొక్కేస్తుంది. పాత పద్ధతిలో తల వెనకనుంచి వెళ్లి తీసేవారు. ఎందరో టేబుల్ మీదే పోయేవారు, బతికినవారిలో చాలామందికి ముఖం చచ్చుబడేది. హౌస్ దంతవైద్యుడి డ్రిల్లునూ మైక్రోస్కోపునూ పట్టుకుని, చెవి ఎముకలోంచే దారి తొలిచి ఆ గడ్డను చేరారు. చెవి డాక్టరుకు మెదడు దగ్గర ఏం పని అని పెద్దలు మండిపడ్డారు. విలియం హిట్సెల్‌బర్గర్ అనే న్యూరోసర్జన్ మాత్రం వచ్చి పక్కన నిలబడ్డారు. ఇద్దరు వేర్వేరు విద్యల వాళ్లు ఒకే టేబుల్ దగ్గర నిలబడటంతో ప్రాణాలు నిలిచాయి. 1979లో, వినికిడి నరమే పోయిన రోగికి నేరుగా మెదడు కాండం మీద ఎలక్ట్రోడ్ అమర్చిందీ ఈ ఇద్దరే. ఆపరేషన్ తర్వాత ముఖనరం ఎంత పనిచేస్తోందో చెప్పడానికి మన ఆసుపత్రుల్లో ఇవాళ కూడా కేస్‌షీట్‌లో రాసే హౌస్–బ్రాక్‌మన్ గ్రేడు 1985లో వచ్చింది. అందులో హౌస్ అంటే ఈయన కాదు, హోవర్డ్ గారి కొడుకు జాన్.

లోపలి చెవి చెడి తల గిర్రున తిరిగే మెనియర్స్ జబ్బును మనసు జబ్బని తోసేసే రోజుల్లో హౌస్ ఆ రోగుల మాట నమ్మారు. అలా ఆయన దగ్గరికి మారుపేరుతో వచ్చి చేరిన రోగి అలాన్ షెపర్డ్. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి అమెరికన్, ఈ జబ్బుతో నేలకు పరిమితమైపోయాడు. హౌస్ ఆపరేషన్ చేశారు. 1969 మేలో షెపర్డ్‌కు మళ్లీ ఎగరడానికి అనుమతి వచ్చింది. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 దళపతిగా చంద్రుడి మీద దిగాడు. ఆ ఆపరేషన్ అందరికీ పనిచేస్తుందా అని చెవి డాక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రోగి మాట నమ్మాలా వద్దా అన్న దానిమీద మాత్రం వాదన అక్కర్లేదు.

నన్ను బాగా పట్టుకున్నది కాక్లియర్ ఇంప్లాంటు కథ, అంటే లోపలి చెవిలో తీగ అమర్చి వినికిడి నరానికి కరెంటుతో శబ్దం అందించే పరికరం కథ. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరియేస్ అనే ఇద్దరు, పూర్తిగా చెవుడున్న మనిషి వినికిడి నరానికి కరెంటు తగిలించి శబ్దం వినిపించారు. ఆ వార్త ఉన్న పత్రిక ముక్కను హౌస్‌కు తెచ్చి ఇచ్చింది ఎవరనుకున్నారు? ఒక రోగి. 1961లో హౌస్ తన రోగులకు తీగ అమర్చారు. శబ్దం వినబడింది. కానీ ఆ తీగ పైపూతను ఒళ్లు భరించలేదు, తీసేయాల్సి వచ్చింది. గుండె పేస్‌మేకర్ల పుణ్యమా అని ఒంటికి పడే పదార్థాలు వచ్చేదాకా ఆగారు. జాక్ అర్బన్ అనే ఇంజినీరు తోడయ్యాడు. 1972కల్లా రోగి ఇంటికి పట్టుకెళ్లి వాడుకునే పరికరం తయారైంది. ఒక్క తీగతో ఏం మాట అర్థమవుతుంది, ఇది మోసం అన్నారు కొందరు శాస్త్రజ్ఞులు. అమెరికా ప్రభుత్వం 1984లో దానికి ఆమోదం ఇచ్చింది. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ 1978లోనే చాలా తీగల పరికరం అమర్చారు, చివరికి నెగ్గింది ఆ దారే. హౌస్ తన పరికరానికి పేటెంట్ తీసుకోలేదు. మిగతా పరిశోధకుల కాళ్లకు అడ్డం పడకూడదన్నది ఆయన ఉద్దేశం. 2012 డిసెంబరులో కన్నుమూశారు.

పత్రిక ముక్క తెచ్చిన రోగి, తన చెవిని పరీక్షకు ఇచ్చిన మనిషి, ఇంజినీరు, పెద్దలను కాదని వచ్చిన న్యూరోసర్జన్, తప్పు పట్టి దారి సరిచేసిన పోటీదారు. వీళ్లలో ఏ ఒక్కరు తప్పుకున్నా ఈ రోజు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక పసివాడు ‘అమ్మ’ అన్న మాట వినేవాడు కాదు. సర్జన్ చేతిలో ఉండేది నాలుగు గంటలు. దానికి ముందు నెలలూ, తర్వాత ఏళ్లూ మన చేతుల్లో ఉన్నాయి. మరి మనమేం చేస్తున్నాం?

మాటలు రావట్లేదంటే వస అరగదీసి నాకిస్తున్నాం. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లదాకా మాట రాలేదు, వాడే మాట్లాడతాడులే’ అని నాయనమ్మ భరోసా ఇస్తుంది. నాయనమ్మ ప్రేమకు వంక పెట్టనక్కర్లేదు. కానీ మాట నేర్చుకునే మెదడుకు నాయనమ్మంత ఓపిక లేదు. వెనకనుంచి పళ్లెం మోగించాం, తిరిగి చూసింది అంటారు. అదురు తగిలినా, నీడ కదిలినా బిడ్డ తిరుగుతుంది. వినబడని పిల్లలు కూడా మొదట్లో ఊ కొడతారు, కేరింతలు పెడతారు. ఇంటి పరీక్షలు నమ్మొద్దు. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వైద్యం మొదలు కావాలి. ఆశా అక్కలారా, అంగన్‌వాడీ టీచరమ్మలారా, ఈ మూడు గడువులూ టీకాల కార్డు పక్కన రాసిపెట్టుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది. అంటే ఇది దయాదాక్షిణ్యం కాదు, బిడ్డకు రావలసిన సేవ.

పెళ్లిళ్ల మాట కూడా ఎత్తక తప్పదు. మేనరికాలు చేసుకునే ఇళ్లలో పుట్టు చెవుడు ఎక్కువగా కనబడుతుంది. ఒకే లోపమున్న జన్యువు ఇరువైపులా ఉండి బిడ్డలో జత కలుస్తుంది. ఆస్తి చీలకూడదనీ, ఆడపిల్ల కళ్లెదుటే ఉంటుందనీ చేసే సంబంధాలవి. ఇంట్లో ఇప్పటికే వినబడని బిడ్డ ఉంటే పెద్దమనుషులారా, ముహూర్తానికి ముందు డాక్టరు దగ్గర కూర్చోండి. గర్భిణికి రుబెల్లా సోకితే పుట్టే బిడ్డకు చెవుడు రావచ్చు. 2017లో మన రెండు రాష్ట్రాల్లో బడి బడికీ తిరిగి వేసిన ఎంఆర్ (తట్టు–రుబెల్లా) టీకా అందుకే. అప్పుడు వాట్సాప్ పుకార్లకు జడిసి బడి మానిపించిన తల్లిదండ్రులు ఉన్నారు. ఈసారి పుకారు వస్తే దాన్ని ఫార్వర్డ్ చేయకుండా ఆపే పని మీది.

చీము కారే చెవి సంగతి సరేసరి. వెల్లుల్లి కాచిన నూనె, కోడి ఈక, పిన్నీసు, అగ్గిపుల్ల. దుర్వాసనతో నెలల తరబడి కారే చెవి లోపల కోలెస్టియటోమా అనే చర్మపు గడ్డ ఎముకను తినేస్తూ ఉండవచ్చు. ముదిరితే మెదడుకు చీము పట్టొచ్చు. బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే చివరి బెంచీకి పంపేది మాస్టార్లం మనమే. ఆ పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి, కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, విశాఖ ఈఎన్‌టీ ఆసుపత్రికో, దగ్గరున్న జిల్లా ఆసుపత్రికో పంపించాల్సిందీ మనమే.

ఇక ఆపరేషన్ తర్వాత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు వేశారు. వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకంలో కేంద్రం 2014 నుంచి ఒక్కో పరికరానికి లక్షల్లో సాయం ఇస్తోంది. ప్రజల సొమ్ముతో అమర్చిన పరికరం అది. కుట్లు మానిన కొద్ది వారాలకు స్విచ్ ఆన్ చేస్తారు. ఫొటోలు తీస్తారు, చప్పట్లు కొడతారు. నిజమైన పని ఆ మర్నాడు మొదలవుతుంది. ఆ బిడ్డకు వినబడేది మొదట వట్టి చప్పుడే. ఇది గిన్నె, ఇది గరిటె, ఇదిగో నీళ్లు పోస్తున్నాను అని తల్లి రోజంతా చెబుతూ ఉండాలి, వారం వారం థెరపీకి తీసుకెళ్లాలి, ఏళ్ల తరబడి. కూలి పోగొట్టుకుని పట్నం బస్సెక్కే తల్లికి ఛార్జీలు ఎవరిస్తారు? తీగ తెగితే, బ్యాటరీ పోతే, వేలు పోసి కొనలేక, చెవికి తగిలించుకునే ప్రాసెసర్ బీరువా ఎక్కుతుంది. ఆ బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలోకి పోతుంది. యువజన సంఘాల తమ్ముళ్లూ, నవరాత్రుల డీజే ఖర్చులో సగం చాలు, మండలంలో ఒక బిడ్డకు ఏడాది బ్యాటరీలు వస్తాయి (చుట్టుపక్కల చెవులూ కొంత బతుకుతాయి). అమెరికాలో ఉన్న మన సంఘాల పెద్దలారా, ఆపరేషన్లకు ఇచ్చినట్టే తీగలకూ రిపేర్లకూ థెరపీ టీచర్ల జీతాలకూ ఇవ్వండి. శిలాఫలకం మీద ఎక్కే ఖర్చు కాదు గానీ, పరికరం పనిచేసేది దీంతోనే.

ఇంప్లాంటు అందరికీ సరిపడదు, అందరూ కోరుకోరు కూడా. సైగల భాషతో నిండుగా బతికేవాళ్లున్నారు. వాళ్ల భాష నేర్చుకోవడం మన బాధ్యత. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న వినికిడి లోపాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వెళ్లి అడగండి.

ఈఎన్‌టీ పీజీలో చేరుతున్న యువ డాక్టర్లకు ఒక మాట. ముక్కు ఆపరేషన్లలో డబ్బు త్వరగా వస్తుంది, ఈ పుర్రె అడుగు దారి ఏళ్లు తింటుంది. మీలో కొందరైనా ఇటు రండి. ఈ విద్య పుస్తకంతో రాదు, చనిపోయినవారి చెవి ఎముకల మీద డ్రిల్లు పట్టి నేర్చుకోవాలి. అంటే శరీరదానం చేసేవాళ్లు కావాలి. అరవై దాటిన పెద్దలారా, మీరు మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి వెళ్లి ఒక ఫారం నింపితే, మీ తదనంతరం మీ చెవి ఎముక మీద చేయి కుదుర్చుకున్న కుర్ర డాక్టరు ఏదో ఒక పిల్లవాడి ముఖనరాన్ని కాపాడతాడు.

ప్రపంచ వినికిడి దినం మార్చి 3న వస్తుంది. అందాకా ఆగనక్కర్లేదు. మీ మండలంలో కాన్పులు జరిగే ప్రతి ఆసుపత్రికీ ఇద్దరిద్దరు వెళ్లి ఒకటే అడగండి: కిందటి నెల ఇక్కడ ఎందరు పుట్టారు, వాళ్లలో ఎందరికి వినికిడి పరీక్ష చేశారు? లెక్క కాగితం మీద రాయించుకోండి. యంత్రం లేదంటే, ఉన్నా మూలపడిందంటే, మనిషి లేడంటే, ఆ సంగతే అర్జీగా రాసి ఊరంతా సంతకాలు పెట్టండి. సోమవారం అర్జీల రోజు. కలెక్టరాఫీసుకు పట్టుకెళ్లండి, రసీదు తీసుకోకుండా రావద్దు.