జారిపోయిన చెప్పు

పోయిన వేసవిలో గుడి నుంచి బయటికొచ్చి కారు దాకా నడిచాక మా ఆవిడ అడిగింది, "మీ ఎడమ చెప్పు ఏదండీ?" అని. వెనక్కి తిరిగి చూస్తే అల్లంత దూరంలో, పార్కింగ్ గీత మీద బుద్ధిగా కూర్చునుంది. డాలస్ ఎండకి కాలిపోతున్న తారు మీద ఒంటిచెప్పుతో అంతదూరం వచ్చానని నాకు తెలియనే లేదు. ఇంటికెళ్ళి చూసుకుంటే అరికాలికి రెండు బొబ్బలు.

తెనాలిలో నాన్నగారు ఇలాగే చేసేవారు. కూరగాయల సంచీతో, ఒక చెప్పుతో ఇంటికొస్తే "ధ్యాస ఎక్కడ పెట్టుకుంటారో" అని అమ్మ కసిరేది, నేనూ చెల్లీ పడీపడీ నవ్వేవాళ్ళం. ఆయనకి షుగరు. అది ధ్యాస సంగతి కాదని తెలియడానికి జబ్బు నా కాళ్ళ దాకా రావాల్సొచ్చింది.

నాకు షుగరని తేలింది 32వ ఏట. ఇప్పుడు 38. మొదట బొటనవేళ్ళకి తిమ్మిరి. రోజంతా కుర్చీలో కూర్చుని కోడ్ రాసేవాడికి తిమ్మిరెక్కడం వింతేముంది అని వదిలేశాను. నడిచినా విదిలించినా వదలని తిమ్మిరి వేరే రకమట. ఒంట్లో అన్నిటికన్నా పొడుగాటి నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి కాలివేళ్ళతో మొదలవుతుందట.

చెప్పు సంగతి విన్న న్యూరాలజిస్టు కళ్ళు మూసుకోమంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకుతాను, తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆవిడ ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. "ఎడమపాదం అయిపోయింది" అంది.

విచిత్రమేమిటంటే అదే పాదం రాత్రి 11 అయ్యేసరికి మంటెత్తిపోతుంది. మా పాప లెగో ముక్క గుచ్చుకుంటే కార్పెట్ మీద రక్తం చూసేదాకా తెలియని కాలికి, పల్చటి దుప్పటి అంచు తగిలితే నిప్పు తగిలినట్టుంటుంది. మా ఉద్యోగభాషలో సర్వరు పడిపోయింది, అలారం మాత్రం మోగుతూనే ఉంది.

మందులన్నీ ఆ అలారానికే. "స్పర్శ తిరిగొస్తుందా?" అని రెండుసార్లు అడిగాను. మంటా పోట్లూ తగ్గుతాయి, మొద్దుబారింది మాత్రం వీటితో పోదంది. ముందు గాబాపెంటిన్ ఇచ్చింది. అసలు మూర్ఛ కోసం 1993లో అనుమతి పొందిన మందు. రాత్రికి 300 మిల్లీగ్రాములతో మొదలై రోజుకి మూడుసార్లయింది. నిద్ర పట్టింది, అబద్ధమెందుకు. కానీ మాటలు పోయాయి. మీటింగులో నోరు తెరిచి, పక్కవాడి పేరు గుర్తురాక, మూసేవాణ్ణి. నాకు టైపు నేర్పినవాళ్ళు లేరు, కీబోర్డు చూసుకుంటూ రెండు వేళ్ళతో పొడుస్తాను; ఎప్పుడూ వేళ్ళే మాటకి వెనకపడేవి. ఆ రోజుల్లో వేళ్ళు సిద్ధంగా ఉండేవి, మాట రాలేదు. "గడప" అనే మాట కోసం ఒక రాత్రి పావుగంట తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ కొన్నాళ్ళు టపాలు లేకపోవడానికి కారణం అదే.

ఈలోగా అమ్మ నాన్నగారి మాత్రలు ఒక పట్టీ, ఆవకాయ డబ్బా పక్కన పెట్టి, వస్తున్న తమ్ముడి చేత పంపించింది. ప్రీగాబాలిన్, మిథైల్ కోబాలమిన్ కలిపిన బిళ్ళలు. ప్రీగాబాలిన్ ఇక్కడ నియంత్రిత మందుల జాబితాలో ఉందని తమ్ముడికి ఇంతవరకూ చెప్పలేదు, చెబితే నాతో మాట్లాడడు. అది గాబాపెంటిన్‌కి దగ్గరి చుట్టమే, మత్తు తప్పదు, రెండూ కలిపి వేసుకోవద్దంది డాక్టరు. అయితే ఆ పట్టీ మీద బి12 పేరు చూసి, ఆరేళ్ళుగా మెట్‌ఫార్మిన్ మింగుతున్నాను కదా అని రక్తపరీక్ష రాసింది. ఆ మందు ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, బి12 తగ్గినా ఇవే తిమ్మిర్లు. నాకు తక్కువే ఉంది. రోజూ 1000 మైక్రోగ్రాములు వేసుకుంటున్నాను. దీనివల్ల ఏమాత్రం బాగవుతుందో కొన్ని నెలలాగితేగాని తెలియదు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దంది. పెట్టుకున్నాను.

గాబాపెంటిన్ ఉన్నట్టుండి ఆపకూడదు కాబట్టి మెల్లిగా తగ్గించి, డ్యులాక్సెటిన్‌కి మారాను. డిప్రెషన్‌కి కూడా ఇదే ఇస్తారని అమ్మతో అనడం నా బుద్ధితక్కువ. "నీకేం దిగుల్రా? కోడలేమైనా అందా?" అని వారం రోజులు ఫోన్లు. మొదట్లో వికారం పెట్టింది. ఇప్పుడు మంట సగం ఉంది, మాటలు వస్తున్నాయి. ఈ బేరానికి ఒప్పుకున్నాను. మంట పూర్తిగా పోవాలంటే మోతాదు పెంచుదామంటుంది డాక్టరు, నేనే వాయిదా వేస్తున్నాను.

రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోవడం మాత్రం మానను. నాన్నగారినీ చూసుకోమన్నాను. "వంగలేనురా" అన్నారు. పోనీ వీడియోలో చూపించమంటే ఎంతకీ ఒప్పుకోరు. చివరికి "ముందు నీది చూపించు" అన్నారు. పెద్దవాళ్ళ వైపు కాళ్ళు చాపానని చిన్నప్పుడు వీపు మీద ఒక్కటిచ్చిన మనిషి. కెమెరాకి అరికాలు పెట్టాను. కాసేపు చూసి, "ఆ మడమ పగుళ్ళేంట్రా, వాజిలిన్ రాసుకోవా?" అన్నారు.

తర్వాత అమ్మ ఫోను పట్టుకుంటే ఆయన కాలెత్తారు. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత ఆనెకాయ, మధ్యలో నల్లగా ఉంది. ఎన్నాళ్ళనుంచి అంటే తెలియదన్నారు. నొప్పి లేదట. సోమవారం చెల్లి ఆసుపత్రికి తీసుకెళ్తోంది.