ఆ ఛాయాచిత్రమును దింపవలయునా?

గత వార్షికోత్సవమున మన విద్యార్థులు శ్రీకృష్ణ తులాభార కథను నాటకముగా ఆడిరి. సత్యభామ వేషమును ఒక బాలుడు, కృష్ణ వేషమును ఒక బాలిక ధరించిరి. ఇరువురిని ప్రక్కప్రక్కన నిలిపి తీయించిన ఛాయాచిత్రమును మేము తరగతి గోడకు తగిలించితిమి.

వారము తిరుగకముందే బాలుని తండ్రిగారు వచ్చిరి. "అయ్యవారూ, ఆ పటం తీసేయండి. వీధిలో మావాణ్ణి ఆడంగి అంటా ఉండారు" అని వేడుకొనిరి. ఆయన కంఠమున కోపము కంటె బాధయే ఎక్కువగా వినబడెను. బాలిక తండ్రిగారును వచ్చిరి. కాని ఆయన అడిగినది ఆ పటమునకు ఒక ప్రతిని!

పటము ఒక్కటే, వేషము మార్చుకొన్నవారు ఇద్దరు. ఒకరికి మెప్పు, ఒకరికి ఎగతాళి ఏల? ఆడపిల్ల కిరీటము పెట్టిన పైకెక్కినదనియు, మగపిల్లవాడు చీర కట్టిన దిగజారినాడనియు మనము లోలోపల నమ్ముచున్నాము. అనగా చీరయే హీనమని మన తీర్పు. ఆ నవ్వు బాలునిపై పడినట్లు తోచును గాని, నిజమునకు అది చీర కట్టిన మన తల్లులపైనను, అక్కచెల్లెండ్రపైనను పడుచున్నది.

మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న దినములలో ఒక పుస్తకమున స్థానం నరసింహారావు గారి సత్యభామ ఛాయాచిత్రమును చూచితిమి. క్రింద పేరు చదువువరకు పురుషుడని తోచలేదు. రంగస్థలముపైనైన పాటయు, నడకయు ప్రేక్షకుని మరపించును. ఛాయాచిత్రమున అవి లేవు. మెడ వంపు, వ్రేళ్ల అమరిక, ఓరచూపు మాత్రమే మిగులును. స్త్రీ సహజమని మనము తలచునవి ఇవియే కదా! వీనిని ఒక పురుషుడు సాధనచే నేర్వగలిగినచో, ఇందులో పుట్టుకతో వచ్చినదెంత, నేర్పుటచే వచ్చినదెంత? ఇంటిపని ఆడపిల్లకును, సంతకు పోవుట మగపిల్లవానికిని మనము నేర్పినవే గాని, బ్రహ్మ వ్రాసినవి కావు.

బాపట్లలో 1902లో జన్మించిన ఆ మహానటుని 1956లో పద్మశ్రీతో దేశము గౌరవించెను. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) సత్యభామ వేషముననే కీర్తి గడించిరి. మన తమిళనాటనే, తంజావూరు చెంతనున్న మెలట్టూరులో, భాగవతమేళ వారి తెలుగు నాటకములందు స్త్రీవేషములను పరంపరగా పురుషులే ధరించుచు వచ్చిరి. తిక్కన విరాటపర్వమును పాఠముగా చెప్పునపుడు బృహన్నల యైన అర్జునుని చూచి మనలో ఎవరును నవ్వరు.

ఒక నిజమును దాచరాదు. ఆనాడు పురుషులు స్త్రీవేషములు కట్టుటకు, స్త్రీలు రంగమెక్కరాదను నిషేధము ఒక కారణము. అది మెచ్చదగినది కాదు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో ప్రారంభమైన సురభి నాటక సమాజము స్త్రీలను రంగమెక్కించి ఆ అడ్డును తొలగించెను. మన పాఠశాలలో అట్టి నిషేధము లేదు. ఎవరికి ఏ పాత్ర నప్పునో వారికి ఆ పాత్ర ఇచ్చితిమి.

మరియొక మాట. వేషముతో పని లేకయే, పురుషులుగా పుట్టినను తాము స్త్రీలమేయని ఎరిగినవారు లోకమున కలరు. తమిళమున వారిని తిరునంగై యని గౌరవముగా పిలుతురు. 2014లో సర్వోన్నత న్యాయస్థానము వారి గుర్తింపును హక్కుగా అంగీకరించెను. వీధిలో విసరిన ఆ మాట వారిని గూడ గాయపరచును. కావున, విద్యార్థులారా, ఆ మాటను నోట రానీయకుడు.

తల్లిదండ్రులారా, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు పద్యము బిగ్గరగా వినబడు తావులు అరుదగుచున్నవి. పాఠశాల నాటకము అందొకటి. ఎగతాళికి వెరచి బాలురు వేషము మానినచో ఆ పద్యమును మూగవోవును.

పటము విషయమున మేము ఆ బాలునినే అడిగితిమి. అతడు వద్దన్నచో వెంటనే దింపియుందుము. అతడు కొంతసేపు తల వంచుకొని, "ఉండనీయండి, అయ్యవారూ. మా నాయన నాటకం చూడనే లేదు. ఈ తూరి రమ్మని చెప్పండి" అనెను.

పటము గోడపైననే ఉన్నది. రాబోవు వార్షికోత్సవమునకు ఆ తండ్రిగారికి మొదటి వరుసలో ఒక ఆసనమును ఉంచెదము.