నలుసు – దూలము

లోకంలో ఏ పరీక్షలోనూ ఉత్తీర్ణులం కాకుండానే, ఏ నియామకపత్రమూ అందుకోకుండానే మనమందరమూ స్వీకరించే పదవి ఒకటి ఉన్నది. అది న్యాయాధిపతి పదవి. ఉదయం వార్తాపత్రిక విప్పినది మొదలు రాత్రి దీపం ఆర్పేవరకు మనం తీర్పులు చెబుతూనే ఉంటాము. ఫలానావాడు గర్విష్ఠి, ఫలానావాడు సోమరి, ఫలానా ఇంటివారికి మర్యాద తెలియదు! ఈ తీర్పులకు సాక్ష్యం అక్కరలేదు, ప్రతివాదిని పిలిపించనక్కరలేదు, వీటిమీద అప్పీలు కూడా లేదు. విచిత్రమేమంటే, ఇతరుల వ్యాజ్యాలను ఇంత తీరికగా విచారించే మనము, మన మనస్సులో ఏనాటినుండో వాయిదా పడుతున్న సొంత వ్యాజ్యాన్ని మాత్రం ఒక్కనాడైనా చేపట్టము. ఇతరులకు తీర్పు తీర్చవద్దని క్రైస్తవధర్మం బోధించినదని అందరూ ఎరుగుదురు. తన్ను తాను ఉన్నదున్నట్లు అంగీకరించుకొనడానికీ, ఆ బోధకూ గల సంబంధాన్ని మాత్రం అంతగా గమనించరు. ఈ రెండూ ఒకే వేరునుండి మొలిచిన కొమ్మలని నా నమ్మకం. తనతో తాను సమాధానపడనివాడే ఎదుటివానిలో తప్పులు వెదకుతాడు.

మత్తయి సువార్త ఏడవ అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో, యేసు ప్రభువు ఒక చిత్రాన్ని మన కన్నులకు కట్టించాడు. ఒకని కంటిలో నలుసు ఉన్నది. దానిని తీసివేస్తానని ముందుకు వచ్చినవాని కంటిలో దూలమే ఉన్నది. దీనిని గంభీరముఖంతో చదివి చదివి అందులోని హాస్యాన్ని మనం మరచిపోయాము. ఇంటికప్పును మోసే దూలాన్ని కంటిలో పెట్టుకొని పొరుగువానికి నేత్రవైద్యం చేయ బయలుదేరిన మనిషిని ఒక్కసారి ఊహించుకొనండి! నజరేతులో వడ్రంగిగా అందరూ ఎరిగినవాని నోట వచ్చిన మాట ఇది. నలుసు ఒక ఎండుపుల్ల ముక్క అనుకొంటే, దూలమూ కొయ్యయే. రెండింటి జాతి ఒకటే. పరిమాణం మాత్రమే వేరు. ఎదుటివానిలో మనం ఇట్టే కనిపెట్టగలిగే దోషం తరచుగా మనలోనే పెరిగి పెద్దదైన దోషానికి తమ్ముడై ఉంటుంది. మరొక విశేషం కూడా గమనింపదగినది. నలుసును అట్లే వదలివేయమని ఆయన చెప్పలేదు. ముందుగా నీ దూలాన్ని తీసివేసుకో, అప్పుడు నీ చూపు తేటపడుతుంది, ఆపైన సోదరుని కంటికి సాయపడవచ్చునన్నాడు. మన గుడ్డితనాన్ని మానుకొమ్మన్నాడే గాని, సోదరునికి సాయపడడాన్ని మానుకొమ్మనలేదు.

ఈ సత్యం నాకు గ్రంథంలో కంటె ముందుగా తరగతి గదిలో బోధపడినది. నేను అధ్యాపకవృత్తిలో చేరిన తొలి సంవత్సరాలలో, ఇంట ఉర్దూ మాట్లాడే విద్యార్థి ఒకడు తెలుగు పద్యం చదువుతూ ‘ళ’కారాన్ని ‘ల’కారంగా, ‘ణ’కారాన్ని ‘న’కారంగా పలికాడు. నేను అతనిని ఆపి ఆ పాదాన్నే నాలుగుమార్లు చదివించాను. తరగతి నవ్వినది. నేను వారించలేదు సరికదా, వారితోబాటు నవ్వాను. అతడు పుస్తకం మూసి కూర్చున్నాడు. ఆ తరువాత ఎన్నో వారాలు నా తరగతిలో నోరు విప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను పల్లెనుండి పట్నానికి చదువుకు వచ్చిన కొత్తలో ‘శ’కు బదులు ‘స’ అనీ, ‘భ’కు బదులు ‘బ’ అనీ పలికి సహాధ్యాయుల నవ్వులపాలైనవాడనే. ఆ సిగ్గును ఎవరితోనూ చెప్పుకోలేక, దానిని కప్పిపుచ్చడానికే రాత్రింబవళ్లు ఉచ్చారణ దిద్దుకున్నాను. నా మాట మారినదే గాని, ఆ పల్లెటూరి బాలుని నేను ఏనాడూ నావాడని ఒప్పుకోలేదు. ఆ బాలుడే మరొక రూపంలో నా ఎదుట నిలిచి పద్యం చదివేసరికి సహించలేకపోయాను. నా కంటి దూలం ఏదో నాకు ఆ రాత్రి తెలిసినది.

లూకా సువార్త పద్దెనిమిదవ అధ్యాయంలో దేవాలయానికి ప్రార్థనకు వెళ్లిన ఇద్దరి కథ ఉన్నది. ఒకడు పరిసయ్యుడు, మరొకడు సుంకరి. సుంకరి అంటే పన్నులు వసూలు చేసేవాడు. పరాయి ప్రభుత్వానికి కొమ్ముకాచేవాడనీ, అక్రమంగా దండుకొనేవాడనీ స్వజనులే ఏవగించుకొన్నవాడు. పరిసయ్యుడు అబద్ధం చెప్పలేదు. అతడు వారానికి రెండుమార్లు ఉపవాసం ఉన్నమాట నిజం. సంపాదనలో పదవవంతు సమర్పించిన మాటా నిజమే. అయితే తన మంచితనాన్ని తాను చూసుకొనడానికి అతనికి పక్కవాడు కావలసివచ్చినాడు. ఆ సుంకరి లేకుంటే ఆ ప్రార్థన సగంలో ఆగిపోయేది. సుంకరి అట్లు కాదు. అతడు ఎవరితోనూ పోల్చుకోలేదు. తానెవరో ఎరిగి, తలవంచి, దేవుని కనికరం కోరాడు. ఆనాడు నీతిమంతుడై ఇంటికి వెళ్లినవాడు అతడేనని ప్రభువు తీర్మానించాడు. ఈ కథలో చదువరికి ఒక ఉచ్చు ఉన్నది. కథ పూర్తికాగానే, నేను ఆ పరిసయ్యునివంటివాడను కానని మనం లోలోపల సంతోషపడతాము. సంతోషపడిన ఆ క్షణంలోనే వెళ్లి అతని పక్కన నిలబడతాము!

యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయంలోని ఘట్టం మరింత తీవ్రమైనది. ఈ కథ అతి ప్రాచీనమైన గ్రీకు ప్రతులలో కానరాదని పండితులు చెబుతారు. అయినా క్రైస్తవలోకం దీనిని వదులుకోలేదు. వ్యభిచారంలో పట్టుబడినదని ఒక స్త్రీని శాస్త్రులూ, పరిసయ్యులూ దేవాలయ ప్రాంగణంలో నడుమ నిలబెట్టారు. లేవీయకాండంలోని ధర్మశాస్త్రం ప్రకారం ఆ నేరానికి స్త్రీపురుషులిద్దరూ శిక్షార్హులే. మరి ఆ పురుషుడేడి? అతనిని ఎవరూ తీసుకురాలేదు. ధర్మం పేరిట చేసే తీర్పులలో ఎంత పక్షపాతం దాగి ఉంటుందో ఈ ఒక్క లోపమే చాటుతున్నది. యేసు నేలమీద వ్రేలితో వ్రాస్తూ, పాపం లేనివాడు మొదటి రాయి వేయవచ్చునని మాత్రమే అన్నాడు. పెద్దవారు మొదలుకొని ఒక్కొక్కరే జారుకున్నారు. వయస్సుతోబాటు జ్ఞాపకాలూ పెరుగుతాయి గనుక కాబోలు, పెద్దవారే ముందు కదిలారు. చివరకు శిక్షించే అర్హత గలవాడొక్కడే మిగిలాడు; ఆయన శిక్షించలేదు. అయితే ఆమె చేసినది తప్పు కాదనీ అనలేదు; ఇకమీదట పాపం చేయవద్దని చెప్పి పంపాడు. క్షమ ముందు, దిద్దుబాటు తరువాత. మన లోకవ్యవహారంలో ఈ క్రమం తలక్రిందులుగా ఉన్నది.

తన్ను తాను అంగీకరించుకొనడమంటే నేను చాలా మంచివాడనని మురిసిపోవడం కాదు. నేనెందుకూ కొరగానని కుమిలిపోవడమూ కాదు. జర్మనీలో పుట్టి, 1933లో నాజీల కారణంగా అమెరికాకు వలసపోయిన పాల్ టిల్లిక్ అనే వేదాంతి, 1948లో వెలువడిన తన ప్రసంగ సంపుటిలో ఈ విషయాన్ని లోతుగా చర్చించాడు. యోగ్యత లేకపోయినా దేవుడు తనను స్వీకరించినాడని ఒప్పుకొనడమే మానవునికి కష్టమని ఆయన సారాంశం. సువార్తలలో దీనికి జంట ఉదాహరణలు ఉన్నవి. యూదా గురువును అప్పగించాడు. పేతురు గురువును ఎరుగనని ముమ్మారు బొంకాడు. ఇద్దరూ పశ్చాత్తాపపడ్డారు. యూదా తనకు తానే తుదితీర్పు చెప్పుకొని ప్రాణం తీసుకున్నాడు. పేతురు వెక్కివెక్కి ఏడ్చాడు. కాని క్షమాపణకు అందనంత దూరం పోలేదు. బొంకిన రాత్రి చలిమంట దగ్గర ఉన్న పేతురునే, పునరుత్థానానంతరం సముద్రతీరాన మరొక నిప్పుల దగ్గర ప్రభువు ముమ్మారు ప్రశ్నించి, తన మందను అప్పగించాడు.

విద్యార్థి మిత్రులారా, ఇది పురాతన గాథ మాత్రమే కాదు. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాలలోనే, ఒక విద్యార్థినికి తెలుగులో సున్న అని ప్రకటించి, తరువాత 99 అని సవరించారు. మనుష్యులు వేసే మార్కులు ఎంతటి పొరపాటుకు లోబడి ఉంటాయో చూడండి! పొరపాటు లేని మార్కులైనా ఒకనాటి జవాబుపత్రానికి వేసినవే గాని, ఒక జీవితానికి వేసినవి కావు. పరీక్ష తప్పిన కుమారుని చూసి ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం బిడ్డకు తీర్పుగా వినబడుతుంది. దుఃఖం భరింపరానిదైనప్పుడు ఒంటరిగా మిగలక, ఒక స్నేహితునితోనో గురువుతోనో పెద్దలతోనో నోరు విప్పి చెప్పుకొనడం పిరికితనం కాదు. అట్లే, మీ దగ్గరకు వచ్చి చెప్పుకొన్నవానిని తప్పుపట్టక ఆలకించడం గొప్ప సేవ.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లోకం తనపై మోపిన అన్యాయపు తీర్పును తలవంచి స్వీకరించడం వినయం కాదు. మన మహాకవి గుర్రం జాషువా (1895–1971) జీవితమే దీనికి నిదర్శనం. వినుకొండలో వేర్వేరు కులాల తల్లిదండ్రులకు జన్మించిన ఆయనను పుట్టుక కారణంగా దూరంగా నిలిపినవారు ఎందరో. ఆయన 1941లో ‘గబ్బిలం’ వ్రాశాడు. ఆలయంలో అడుగుపెట్టే హక్కులేని మనిషి, ఆలయంలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో శివునికి తన గోడు చెప్పి పంపుతాడు. తన మనుష్యత్వం మీద తనకు సందేహం లేనివాడే అట్టి కావ్యం వ్రాయగలడు. ఆయన ‘క్రీస్తుచరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. కులం చూసి, మతం చూసి, ఇంటిభాష చూసి మనిషికి విలువకట్టే మనందరి అలవాటును ఆయన జీవితం నేటికీ నిలదీస్తున్నది.

ఎవరికీ తీర్పు తీర్చకపోతే లోకం నడిచేదెట్లాగని కొందరు అడుగవచ్చును. న్యాయస్థానాలు మూసివేయాలా? గురువు తప్పును తప్పని చెప్పరాదా? ఈ సందేహం సహేతుకమైనదే. యేసు కూడా కపటాన్ని కపటమనే పిలిచాడు. పైకి కనబడేదానిని బట్టి గాక న్యాయంగా విచారించమన్నాడు. చేసిన పనిని విచారించడం సమాజధర్మం. ఆ ఒక్క పనితో మనిషిని తూకంవేసి, ఇక వీడింతేనని దస్త్రం మూసివేయడమే మనకు అధికారం లేని పని. నాలుగవ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో మోషే అనే సన్యాసి ఉండేవాడు. పూర్వాశ్రమంలో ఆయన దొంగ. తోటి సన్యాసి ఒకడు తప్పు చేయగా విచారణసభకు ఈయననూ పిలిచారట. ఆయన చిల్లుబుట్టలో ఇసుక నింపి, వీపున వేసుకొని వెళ్లాడట. వెనుక ఇసుక రాలుతున్నది. నా పాపాలు నా వెనుక ఇట్లే రాలిపోతున్నవి, నేను చూడడం లేదు, అయినా ఈనాడు మరొకని తప్పు విచారించ వచ్చాను, అన్నాడని పెద్దలు చెప్పుకొంటారు. ఆ మాట విని సభవారు ఆ సోదరుని క్షమించారట. తన గతాన్ని దాచుకొనక వీపున మోసినవాడు గనుకనే ఆయన మరొకనిని కాపాడగలిగాడు.

నా తరగతిలోని ఆ విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. కొన్ని వారాల తరువాత నేను తరగతి ఎదుటనే నా చిన్ననాటి ‘స’కార, ‘బ’కారాల కథ చెప్పాను. మొదట అందరూ నవ్వారు. ఈమారు ఆ నవ్వు నన్ను బాధించలేదు. ఆ తరువాత అతనిని నాకొక ఉర్దూ మాట నేర్పమని అడిగాను. గొంతులోనుండి పలుకవలసిన ఆ మాట ఎన్నిమార్లు ప్రయత్నించినా నా నోట తిన్నగా రాలేదు. అతడు ఓపికతో, ఏమాత్రం నవ్వకుండా, మళ్లీ మళ్లీ పలికి చూపాడు. మరునాడు తానై లేచి పద్యం చదివాడు. ‘ళ’కారం ఇంకా పూర్తిగా కుదరలేదు. నేను వినిపించుకొనడం మాత్రం అప్పటికి కొంత నేర్చుకున్నాను.