గొలుసు తాకట్టు పెట్టి నవల అచ్చేయించుకోవాలా?

మొన్న శుక్రవారం పొద్దున్నే, సరిగ్గా ఇడ్లీ పాత్ర దించే వేళకి నరసరావుపేట నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, నా నవల అచ్చు వేస్తామన్నారు" అంది. ఆ గొంతులో సంతోషం వింటే నాకూ కళ్లు చెమర్చాయి. మూడేళ్లుగా రాస్తోంది పిల్ల. మామగారి మందులు, పిల్లాడి ఇంటర్ పరీక్షలు, వంటిల్లు సర్దడం అన్నీ అయ్యాక రాత్రి పదకొండింటికి కూర్చుని ఫోన్లో టైపు చేసుకుంది.

"ఎంతిస్తారట?" అన్నాను.

కాసేపు అవతల చప్పుడు లేదు. "వాళ్లివ్వరక్కా. మనమే 62 వేలు కట్టాలి. ప్యాకేజీ అట. రెండు పేటల గొలుసు బ్యాంకులో పెడదామనుకుంటున్నా. మీ మరిదికి ఇంకా చెప్పలేదు" అంది.

స్టౌ కట్టేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ పూట మా ఇంట్లో టిఫిన్లు తొమ్మిదిన్నరకి. మా ఆయన ముఖం ఎలా ఉందో మీరు ఊహించుకోగలరు, దాని సంగతి వదిలేద్దాం. ఆ పిల్లకి గంటసేపు చెప్పిందంతా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. బీరువాలో పట్టుచీరల కింద నోటుపుస్తకం దాచుకున్నవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు మరి.

ముందు లెక్క చూద్దాం. 500 కాపీలు వేస్తారు. రచయిత్రికి 50 ఇస్తారు. మిగతా 450 వాళ్లే అమ్మి 10 శాతం రాయల్టీ ఇస్తారు. పుస్తకం వెల 200. అంటే కాపీకి 20 రూపాయలు. 450 కాపీలూ చివరిదాకా అమ్ముడైతే ఈవిడ చేతికొచ్చేది 9 వేలు. 9 వేలు రావడానికి 62 వేలు కట్టాలన్నమాట, అదీ అన్నీ అమ్ముడైతే. చీటీలు పాడుకునే మనం, కూరగాయల బండి దగ్గర రూపాయికి గీసిగీసి బేరమాడే మనం, ఈ లెక్క ఎందుకు వేసుకోమండీ?

నేనూ వేసుకోలేదు. అందుకే చెబుతున్నాను. 2018లో నా నవల కూడా ఇలాగే వచ్చింది. ఎవరు వేశారో ఆ పేరు ఇక్కడ అనవసరం. చీటీ డబ్బులో 58 వేలు కట్టాను. ఐఎస్‌బీఎన్ నంబరుకి ఇంకో 3 వేలన్నారు, కట్టాను. నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపితే, వాళ్లు పేజీలు పెట్టడానికి అను ఫాంట్లలోకి మార్చారు. మార్చినప్పుడు కొన్ని వత్తులు చెదిరిపోతాయట. ప్రూఫులు నాకు చూపిస్తే దిద్దుకునేదాన్ని కదా, చూపించలేదు. పుస్తకం వచ్చాక తెరిచి చూస్తే 224 పేజీల్లోనూ 'స్త్రీ' అన్న మాట ఒక్కచోట కూడా సరిగ్గా లేదు. నవలేమో ఆడవాళ్ల గురించి! మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ రాత్రి నేను మాత్రం స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను.

ఆవిష్కరణ సభ ఘనంగానే జరిగింది. హాలు అద్దె నాది, శాలువాలు నావి, కాఫీలు నావి. వేదిక మీద ఐదుగురు పెద్దలు మాట్లాడారు. వాళ్లలో నవల చదివింది ఒక్కరే అని ఆ మాటలు వింటే తెలిసిపోయింది. అమ్మిన కాపీలు 11, అందులో ఏడు మా పుట్టింటివాళ్లే కొన్నారు. నా వాటా పుస్తకాలు వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ పంచేశాను. మిగతావి "షాపుల్లో ఉన్నాయమ్మా" అన్నారు. లెక్క అడిగితే, "నమ్మకం లేదా అమ్మా?" అన్నారు. ఆ ఒక్క ముక్కతో నా నోరు మూతపడింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇప్పుడు ఆలోచిస్తే, తప్పంతా వాళ్ల మీదకే నెట్టలేను. ఇంట్లో మన రాతని ఏమంటారు? సరదా అంటారు. "పోనీలే, దాని సరదా తీరుతుంది" అని డబ్బిస్తారు. సరదాకి ఎదురు డబ్బు అడగడం ఏమిటని మనమూ అనుకుంటాం. పాతికేళ్లు వండి వార్చి ఒక్కనాడూ లెక్క అడగనివాళ్లం, పుస్తకం దగ్గర మాత్రం ఏం అడుగుతాం? ఆ మొహమాటం మీదే వీళ్ల వ్యాపారం నడుస్తోంది.

ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోకండి. మా అమ్మ తరంలో ఇంట్లో కూర్చుని రాసినవాళ్లు కవరు మీద స్టాంపు అంటించి పత్రికకి పంపేవారు. నచ్చితే సీరియల్‌గా వేసి పారితోషికం పంపేవారు. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ పోటీలో బహుమతి తెచ్చుకుంది. అదే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. రంగనాయకమ్మ గారు, యద్దనపూడి గారు, మాదిరెడ్డి సులోచన గారు, వీళ్ల కోసం ఆడవాళ్లు పత్రిక వచ్చే రోజున గుమ్మంలో కాచుకుని కూర్చునేవారట. ఆడవాళ్ల పేరుకి ఎంత గిరాకీ అంటే మగవాళ్లు కూడా ఆ పేర్లతో రాశారు. 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన పురాణం సీత ఎవరనుకున్నారు? సాక్షాత్తూ పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు! మన ముచ్చట్లు రాసి ఆయన పేరు తెచ్చుకున్నారు. మనమేమో మన ముచ్చట్లు అచ్చేయించుకోవడానికి గొలుసులు తాకట్టు పెడుతున్నాం.

"ఆ రోజులు పోయాయి, ఇప్పుడెవరు చదువుతున్నారు? పబ్లిషరు మాత్రం ఎందుకు నష్టపోవాలి?" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. సీరియళ్లు వేసే పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నెలకో నవల ఇచ్చిన 'చతుర' కూడా పోయింది. కాగితం ధర పెరిగింది, షాపువాళ్ల కమీషన్ ఉంది. కాదనను. కానీ నష్టం భరించేవాడినే కదండీ ప్రచురణకర్త అంటాం! మన రాత నచ్చి, తన డబ్బు పెట్టి, అమ్ముడుపోతే తిరిగి రాబట్టుకుందామనుకునేవాడు ప్రచురణకర్త. మన డబ్బుతో వేసి, లాభం ముందే జేబులో వేసుకున్నవాడికి ఒక్క కాపీ అమ్మాల్సిన అవసరం ఏముంది? వాళ్లు చేసేది అచ్చు పని. అచ్చు పనికి డబ్బు తీసుకోవడం తప్పు కాదు, అచ్చు పని అని చెప్పి తీసుకోమనండి. "మీ నవల ఎంపికైంది" అని ఆశపెట్టడం మాత్రం మోసమే.

మరి మొదటి నవల పట్టుకుని ఎక్కడికెళ్లాలి? తోడికోడలు కూడా ఇదే అడిగింది.

మొట్టమొదట, బంధువులు కానివాళ్ల చేత చదివించాలి. మా ఆయన, మా చెల్లెలు "అద్భుతం" అన్నారంటే లెక్కలోకి రాదు. ఎక్కడ ఆవులింత వచ్చిందో మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు కావాలి. ఆ తర్వాత తిరగరాయాలి. నేను ఈ పని ఎగ్గొట్టాను, నా నవలలో మధ్య 60 పేజీలు అనవసరం.

తర్వాత పోటీలు. తానావాళ్లు నవలల పోటీలు పెడుతూ ఉంటారు. 2017లో అక్కడ బహుమతి వచ్చిన బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 2019లో నెగ్గిన సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారి 'కొండపొలం' రెండేళ్లలో సినిమా అయింది. వాళ్లు చేయి తిరిగినవాళ్లు, నిజమే. కానీ చాలా పోటీల్లో రాతప్రతి మీద పేరు ఉండనివ్వరు, అది కొత్తవాళ్లకి మేలు. ఒక్క జాగ్రత్త. ఎక్కడా అచ్చు కాలేదనీ, ఆన్‌లైన్‌లో రాలేదనీ హామీపత్రం అడుగుతారు. తొందరపడి ఏ యాప్‌లోనో పది భాగాలు పెట్టేశామంటే ఆ తలుపు మూసుకున్నట్టే. ప్రతిలిపిలో రాసేవాళ్లని నేను తక్కువ చేయడం లేదు, అక్కడ బోలెడంతమంది పాఠకులున్నారు. ఏ దారో ముందే తేల్చుకోమంటున్నాను, అంతే.

ప్రచురణ సంస్థలకి పంపేటప్పుడు, ముందు వాళ్లు వేసిన పుస్తకాలు రెండైనా చదవండి. ఇక్కడ మా బెజవాడలో జనవరిలో పుస్తక మహోత్సవం, డిసెంబరులో హైదరాబాద్‌లో బుక్ ఫెయిర్ జరుగుతాయి. స్టాల్స్ అన్నీ తిరిగితే ఎవరు ఎలాంటి నవలలు వేస్తున్నారో, కాగితం ఎలా ఉందో, తప్పులెన్ని ఉన్నాయో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. నచ్చిన సంస్థకి ఒక పేజీలో కథ, మొదటి మూడు అధ్యాయాలు, నాలుగు వాక్యాల్లో మన పరిచయం. "ఏదో చిన్న ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి" అని మాత్రం రాయకండి. జవాబు రావడానికి నెలలు పడుతుంది. రాకపోవచ్చు కూడా. మూడు నెలలాగి ఒకసారి గుర్తుచేసి, ఇంకొకరికి పంపండి.

వేస్తామంటే కాగితం అడగండి. ఇది కొట్లాట కాదు, చట్టం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచీ హక్కు మనదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మనం పోయాక కూడా 60 ఏళ్లు ఆ హక్కు మన పిల్లలకి ఉంటుంది. హక్కు వేరొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, మన సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. గడువు రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, అది మనకే తిరిగొస్తుంది. ఎన్ని కాపీలు, ఎంత రాయల్టీ, లెక్క ఎప్పుడు చెబుతారు, సినిమా, ఆడియో హక్కులు ఎవరివి, ఇవన్నీ అందులో ఉండాలి. "నమ్మకం లేదా అమ్మా" అంటే, "ఉంది కాబట్టే సంతకం పెడతానంటున్నా" అనండి. ఈ జవాబు నాకు ఏడేళ్లు ఆలస్యంగా తట్టింది.

అన్ని తలుపులూ తట్టాక కూడా ఎవరూ తీయకపోతే సొంతంగా వేసుకోండి, అందులో చిన్నతనం లేదు. రంగనాయకమ్మ గారి పుస్తకాలు స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ అని వాళ్ల సొంత పేరు మీదే వస్తాయి. అయితే పని మన చేతిలో ఉండాలి. డీటీపీకి పేజీకి ఎంతో, ప్రెస్సులో ఫారానికి, అంటే 16 పేజీలకి ఎంతో విడివిడిగా కనుక్కోండి, ముగ్గురిని అడగండి. ప్రూఫులు రెండుసార్లు మీరే చదవండి. 500 ఎందుకు, 200 చాలు. నేను 3 వేలు పోసిన ఐఎస్‌బీఎన్ నంబరు ఢిల్లీలోని రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పుస్తకం ఎవరికీ ఊరికే ఇవ్వకండి. మేనత్త అయినా సరే కొనుక్కోవాలి.

మీకు చెప్పలేదు కదూ, నా నవలకి ఒకే ఒక్క ఫోను వచ్చింది. అనంతపురం నుంచి ఎవరో నర్సు. బస్టాండులో కొన్నారట, నైట్ డ్యూటీలో చదివారట. "ఆ పెద్దకోడలు చివరికి ఇల్లు వదిలి ఎందుకు వెళ్లలేదండీ?" అని నన్ను అరగంట నిలదీశారు. 58 వేలు పోయాయన్న బాధ ఆ అరగంట నాకు గుర్తు రాలేదు.

నిన్న సాయంత్రం తోడికోడలు మళ్లీ ఫోన్ చేసింది. ఒప్పంద పత్రం ముందు పంపమని అడిగితే వాళ్లు ఇప్పటిదాకా పలకలేదట. గొలుసు మెడలోనే ఉంది. నవల ప్రింటు తీసి పక్కవీధి లైబ్రరీలో పనిచేసే ఆవిడకి ఇచ్చిందట. ఆవిడ 37వ పేజీ దగ్గర ఆపేశారట, పిల్ల డీలా పడిపోయింది. ఎందుకు ఆపారో వెళ్లి కనుక్కుని రమ్మన్నాను.