తిని వచ్చావా?

మా పిడుగురాళ్లలో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే ఆడవాళ్లలో చాలామంది ముక్కుకి చున్నీయో కొంగో అడ్డం పెట్టుకునే నడుస్తాం. సున్నపు బట్టీల ఊరు మరి. పొగ, తెల్లటి దుమ్ము. నేనూ అంతే. షుగర్ వచ్చాక డాక్టరు నడవమన్నారని ఏడాదిగా నడుస్తున్నా. బట్టీల వైపు రోడ్డు మీద ఆ వేళప్పుడు బళ్లు తక్కువని అటే వెళతా.

పోయిన నెలలో ఒకరోజు అత్తయ్యగారి కాఫీ, పిల్లల బాక్సుల హడావిడిలో మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా బయల్దేరాను. నేను వేసుకునేది గ్లిమిపిరైడ్. అది వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుందని నాకు తెలుసు. తెలిసీ "వచ్చాక తిందాంలే" అనుకున్నా. ఇంటిల్లిపాదికీ టైముకి పెట్టే మనం మన కంచం దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ఇదే మాట. చేతిలో ఫోను లేదు, పది రూపాయలూ లేవు. పక్కనే కదా అని.

ఒక బట్టీ దాటాక చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. కళ్లు మసకబారాయి. రోడ్డు పక్క రాళ్ల మీద కూలబడ్డాను. వాకింగ్ చేసేవాళ్లు ఇద్దరు నా ముందు నుంచే వెళ్లారు. అలిసిపోయి కూర్చున్నా అనుకున్నారేమో, వాళ్లని తప్పు పట్టను.

బట్టీలోంచి ఇద్దరు ఆడకూలీలు పరిగెత్తుకొచ్చారు. పెద్దావిడ నా మొహం చూసి, "షుగరు ఉందా అమ్మా?" అంది. తలూపాను. వాళ్ల ఆయనకీ ఉందట, ఆ చెమట చూసి గుర్తుపట్టింది. చిన్నమ్మాయి టీ బంకు దగ్గరికి పోయి కాగితంలో గుప్పెడు పంచదార పట్టుకొచ్చింది. పెద్దావిడ చేతులు చీరకి గట్టిగా తుడుచుకుని, తన సీసాలో నీళ్లు ఇచ్చింది. సిగ్గుపడుతూనే రాస్తున్నా, ఆ స్థితిలో కూడా ఆ సీసా వంక ఒక్క క్షణం అనుమానంగా చూశాను. ఆవిడ అది గమనించింది. "మూతి తగలకుండా పొయ్యనా?" అంది. అంతే. సీసా తీసుకుని తాగాను.

ఇలాంటప్పుడు 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు తిని, 15 నిమిషాలు ఆగి చూడాలని డాక్టర్లు చెబుతారు. ఆ కాసేపూ ఆవిడ పని వదిలి నా పక్కనే కూర్చుంది. "రోజూ ముక్కుకి గుడ్డ కట్టుకుని పోతావు గదా, చూస్తానే ఉంటాం" అంది. ఏడాదిగా వాళ్లు నన్ను చూస్తున్నారు. నాకు కనిపించింది మాత్రం పొగే.

ఇంటికొచ్చి చెబితే మావారు, అత్తయ్యగారు ఒకే మాట: "తినకుండా ఎవరు వెళ్లమన్నారు?" ప్రేమతోనే అన్నారు. కానీ ముందు తిట్టి తర్వాత నీళ్లిచ్చే ప్రేమ మన ఇళ్లలో మరీ ఎక్కువని నాకనిపిస్తుంది. ఆవిడ ఒక్క మాట అనలేదు.

బట్టీల పొగ గురించి మనం మాట్లాడుకోవాల్సిందే. మన పిల్లలూ పీలుస్తున్నారు. కాకపోతే ఆ మాట వాళ్ల దగ్గర మొదలవ్వాలంటాను. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే వచ్చే కాల్చిన సున్నం నీళ్లు తగిలితే మండిపోతుంది. చెమట పట్టిన చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. నేను అరగంట నడకకి చున్నీ కట్టుకుంటాను. పొద్దుగూకేదాకా అందులోనే ఉండేవాళ్లకి మంచి మాస్కు, కళ్లద్దాలు, కడుక్కోవడానికి దగ్గర్లో కుళాయి ఉన్నాయా అని మన వాకింగ్ కబుర్లలో ఎప్పుడైనా అనుకున్నామా?

ఇప్పుడు నా చేతి పర్సులో పంచదార పొట్లం, ఫోను ఉంటున్నాయి. రెండు ఇడ్లీలు తిన్నాకే మాత్ర, నడక. మొన్న అరటిపళ్లు తీసుకెళ్లి ఇస్తే ఆవిడ అందుకోకుండానే అడిగింది, "తిని వచ్చావా?"