ఆగడం వచ్చాకే పరుగు

చెన్నై నుంచి నెల్లూరుకో, గూడూరుకో రోడ్డు మార్గాన వెళ్లే మనవాళ్లందరూ రెడ్‌హిల్స్ దాటాక షోళవరం మీదుగానే వెళ్తారు. పండక్కి ఊరెళ్లే హడావిడిలో ఆ ఊరిని పట్టించుకునేవాళ్లు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ ఉంది. యుద్ధం ముగిశాక కూడా ఆ బాట ఖాళీగా పడి ఉండలేదు. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడింది. 1980ల దాకా షోళవరంలో కార్ల పందేలు, మోటారు సైకిళ్ల పందేలు జరుగుతూ వచ్చాయి. మా వాషర్‌మెన్‌పేట్ పెద్దలు, అంటే మన ఇళ్లలో చాకలిపేట అని పిలుచుకునే పేట పెద్దలు, ఆ పందేల గురించి చెప్పేటప్పుడు తిరునాళ్లను తలుచుకున్నట్టే చెబుతారు.

ధనవంతుల విదేశీ కార్లు ఎలాగూ వచ్చేవి. వాటి పక్కనే షెడ్డులో సొంతంగా మార్చుకున్న ఫియట్లూ, మన మదరాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులూ నిలబడేవి. అక్కర్లేని బరువంతా విప్పేసి, ఇంజన్‌కు మెరుగులు దిద్ది, చేతిలో ఉన్న డబ్బుతో చేయగలిగినంత చేసుకుని వచ్చేవాళ్లు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ వచ్చింది. పందేలు అక్కడికి తరలిపోయాయి. షోళవరం పెద్దల కబుర్లలో మిగిలిపోయింది.

కారును మన చేత్తో మనమే తయారుచేసుకుని నడుపుకోవాలన్న సరదా ఒక్క మదరాసుదే కాదు. ఇంగ్లండులో 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న కారు వచ్చింది. దాన్ని విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే అప్పట్లో కొనుగోలు పన్ను తప్పేది. అలాంటి వాటికి కిట్ కార్లని పేరు. వారమంతా ఉద్యోగం చేసుకునే మామూలు మనుషులు, సెలవునాడు ఆ కారును పాత విమానాశ్రయానికో ట్రాక్‌కో తీసుకెళ్లి స్ప్రింట్ పోటీలో దిగడం అక్కడ ఇప్పటికీ మామూలే. స్ప్రింట్‌లో కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తవు. ఒక్కొక్క కారే బయలుదేరుతుంది. పోటీ గడియారంతోనే.

మన దేశంలో సొంతంగా చేసిన కారును రోడ్డెక్కించడం కుదిరే పని కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే ఖాయం చేసింది. మరి ఈ సరదా ఉన్న పిల్లలు ఏం చేయాలి? వాళ్లకు దొరికిన దారి విద్యార్థుల ఫార్ములా పోటీలు. 1981లో అమెరికాలో మొదలై, 1998లో బ్రిటన్ చేరి, తర్వాత మన దేశానికీ వచ్చాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు ఒంటి సీటు కారును తామే గీసి, తామే అతికించి, తామే నడపాలి. మనవైపు అలాంటి వాటిలో ఫార్ములా భారత్ ఒకటి. కోయంబత్తూరు శివార్లలోని చెట్టిపాళయంలో, కరి మోటార్ స్పీడ్‌వే మీద జరుగుతుంది.

ఆ ‘కరి’ ఎవరో మన పాఠకులకు చెప్పి తీరాలి. తరతరాల క్రితం కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు మూలాల నాయుడు కుటుంబాల గురించి మీరు వినే ఉంటారు. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబంలోని వాడే కరివర్ధన్. పందేలంటే ప్రాణం. అయితే తాను నడిపి గెలవడంతో ఆయనకు తృప్తి కలగలేదు. మారుతి 800 ఇంజన్ పెట్టి, తక్కువ ఖర్చులో ఒంటి సీటు పందెం కారును రూపొందించాడు. దాని పేరు ఫార్ములా మారుతి. డబ్బున్నవాళ్ల ఆటగా ఉన్నదాన్ని కొత్త కుర్రవాళ్లకు అందేలా చేశాడు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 2003లో ప్రారంభమైన ట్రాక్‌కు ఆయన పేరు పెట్టారు.

ఆ ట్రాక్ మీదకు మా మేనకోడలు తన బృందంతో వెళ్లింది. మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. కాలేజీ పేరు, పిల్ల పేరు చెప్పను. మన పేటలో చెప్పకపోయినా తెలిసిపోతుంది!

బావగారికి ఎం.సి. రోడ్డులో బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో అరవం. కొట్టు, ఇల్లు, శనివారం గుడి తప్ప వేరే లోకం ఎరగని మనిషి. కూతురు కారు తయారుచేస్తోందంటే సంతోషించారు. నడిపేది కూడా తనేనని తెలిశాక మాత్రం ససేమిరా అన్నారు.

“చదువు కోసం చేశారు, బాగుంది. నడపడానికి మగపిల్లలు లేరా? నువ్వే ఎందుకు ఎక్కాలి?” అన్నారు.

“బృందంలో అందరికన్నా తక్కువ బరువు నాదే నాన్నా. కాలేజీ మైదానంలో నడిపి చూసినప్పుడు తక్కువ తప్పులు చేసిందీ నేనే” అంది పిల్ల.

ఆయన భయానికి కారణం ఉంది. మా వీధి చివరి ఇంటి కుర్రవాడు అర్ధరాత్రి స్నేహితులతో బైకు పందెం వేసి, తిరిగి రాలేదు. ఆ రోజు ఆ తల్లి ఏడుపు విన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. అప్పటి నుంచి బావగారింట్లో వేగం అన్న మాటే నిషిద్ధం. మా అక్కయ్య ఎటూ చెప్పలేక నా వైపు చూసింది. మేనమామను కదా, మధ్యవర్తిత్వం తప్పదు. “ముందు వెళ్లి చూద్దాం బావగారూ. మీ కళ్లతో చూశాక వద్దంటే, అక్కడే దింపేద్దాం” అన్నాను. పిల్ల కూడా ఆ షరతుకు ఒప్పుకుంది. సెంట్రల్‌లో రాత్రి చేరన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

దారిలో నేను కారు కథ చెప్పాను. ఉక్కు గొట్టాలను కోసి వెల్డింగ్ చేసిన చట్రం. అందులో కె.టి.ఎం. మోటారు సైకిలు ఇంజన్, 373 సి.సి. మిగతా సామాన్లలో కొన్ని జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో కొత్తవి, కొన్ని పుదుప్పేటలో పాతవి. పుదుప్పేట సంగతి చెన్నై వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ దొరకని భాగం లేదు, బేరం ఆడకుండా కొన్నది లేదు. మా పిల్లకు బేరమాడటం మాత్రం కొట్లో కూర్చున్న అలవాటే. ఆ మాటకు బావగారు రైల్లో మొదటిసారి నవ్వారు.

మేం వెళ్లింది పోటీల్లో మూడో రోజు. అప్పటికి కారును వేదిక మీద 60 డిగ్రీలు పక్కకు వంచి, చుక్క నూనె కారకుండా, చక్రం లేవకుండా నిలబడుతుందో లేదో చూశారు. చప్పుడు కొలిచారు. ఇంజన్ పీల్చే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే వెళ్లాలన్నది నియమం. బలం హద్దు దాటకుండా వేసిన కళ్లెం అది. ఇంకో పరీక్ష బావగారికి బాగా నచ్చింది. నడిపేవాళ్లు హెల్మెట్, నిప్పంటని దుస్తులు, బెల్టులు అన్నీ వేసుకుని కూర్చుని, 5 సెకన్లలో కారు బయట నిలబడాలి. మా పిల్ల నాలుగున్నరలో దూకేసిందట.

ఇక మిగిలింది బ్రేకు పరీక్ష. కాస్త వేగం అందుకుని ఒక్కసారిగా తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి, కారు వంకర పోకుండా ఆగాలి. ఇది నెగ్గితే తప్ప ఏ పరుగుకూ పంపరు. మొదటిసారి ముందు చక్రాలు బిగుసుకున్నాయి, వెనకవి దొర్లాయి. అధికారి తల అడ్డంగా ఊపారు. రెండోసారీ అంతే. మధ్యాహ్నం దాటుతోంది. ఏడాది కష్టం, అప్పుచేసి పెట్టిన డబ్బు, అంతా ఆ వెనక చక్రాల దగ్గర ఆగిపోయింది. బృందంలో ఒక కుర్రవాడు కళ్లు తుడుచుకోవడం చూశాను.

పిల్లలు కారు కిందికి దూరారు. వెనక గొట్టంలో గాలి బుడగలు చేరాయని తేల్చారు. ఒకరు పెడల్ తొక్కుతూ, ఇంకొకరు మర వదులు చేస్తూ గాలి తీశారు. ముందు వెనకల మధ్య బ్రేకు బలాన్ని పంచే కడ్డీని వెనక వైపుకు కాస్త తిప్పారు. చిందిన బ్రేకు నూనె తుడవడానికి గుడ్డ కావాలన్నారు. అంతవరకూ గొడుగు కింద కూర్చున్న బావగారు లేచి, సంచిలోంచి తన తువ్వాలు తీసి ఇచ్చారు. తర్వాత టార్చి పట్టుకుని కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. “ఇది పనిచేయకపోతే నిజంగానే పంపరా?” అని అడిగారు పిల్లను.

“పంపరు నాన్నా. ఎంత బతిమాలినా పంపరు.”

“అదీ మాట” అన్నారాయన.

మూడోసారి నాలుగు చక్రాలూ కిర్రుమన్నాయి. కారు గీత గీసినట్టు ఆగింది. అధికారి ముక్కు మీద చివరి స్టిక్కరు అంటించారు. షరతు ప్రకారం బావగారు వద్దనవచ్చు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కూతురి దగ్గరకు వెళ్లి, హెల్మెట్ పట్టీ సరిగా బిగిసిందో లేదో తన వేలు పెట్టి చూసి, పక్కకు తప్పుకున్నారు.

ఆటోక్రాస్ అనే ఆ పరుగు ఒక కిలోమీటరుకు కాస్త తక్కువ. రెండు వైపులా నారింజ రంగు కోన్లు పేర్చి వంకర టింకర దారి కడతారు. ఒక్కో కోన్ పడితే 2 సెకన్లు కలుపుతారు. మా పిల్ల మొదటి పరుగు 78 సెకన్లు, రెండు కోన్లు పడ్డాయి, మొత్తం 82. రెండోసారి మలుపులకు ముందే బ్రేకు తొక్కి, నెమ్మదిగా తిరిగి, నిటారు దారిలో మాత్రమే గట్టిగా తొక్కింది. ఒక్క కోనూ పడలేదు. 76 సెకన్లు. చూసేవాళ్లకు మొదటిదే వేగంగా అనిపించింది. గడియారానికి మాత్రం రెండోది.

జాబితాలో మా బృందం సగం కన్నా కిందే ఉంది. మరునాడు 22 కిలోమీటర్ల ఓర్పు పరుగులో కారు గొలుసు తెగి మధ్యలోనే ఆగింది. కప్పు రాలేదు, పతకం రాలేదు. అయినా తిరుగు రైల్లో ఆ పిల్లలు గొలుసు ఎందుకు తెగిందో కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నారు. బావగారు ఆ కాగితాన్ని తొంగి చూస్తూ కూర్చున్నారు.

పాఠక మిత్రులారా, మన పిల్లల్లో వేగం మీద మోజు కొత్తది కాదు. గుర్రపు బండ్లనాడూ ఉంది, షోళవరంనాడూ ఉంది. దాన్ని తిట్టి పోగొట్టిన తల్లిదండ్రులను నేను చూడలేదు. తాళం చెవి దాచిపెడితే స్నేహితుడి బైకు దొరుకుతుంది. ఆ మోజుకు మనం చూపే చోటు ఏమిటన్నదే ప్రశ్న. రాత్రి రోడ్డు ఎవరినీ ఏమీ అడగదు. ఎదుటివాడు ముందుకెళ్తున్నాడు, నువ్వూ వెళ్లు అంటుంది, అంతే. ట్రాక్ ముందు ‘నీకు ఆగడం వచ్చా?’ అని అడుగుతుంది. ‘బయటపడటం వచ్చా?’ అని అడుగుతుంది. ఆ తర్వాతే ‘ఎంత వేగం?’ అంటుంది. 1000 మార్కుల్లో దాదాపు మూడోవంతు కారు కదలక ముందే, రూపకల్పన, ఖర్చు లెక్కల వంటివాటికి ఇస్తారు. ప్రమాదం అసలే లేదని నేననను. అంబులెన్సు ఊరికే నిలబెట్టరు కదా. కానీ ఆ ప్రమాదాన్ని ముందే లెక్కవేసి దాని ముందు ఇన్ని తలుపులు పెట్టిన చోటుకూ, అసలు తలుపే లేని చోటుకూ తేడా ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లో పిల్లాడో ఉంటే, వద్దనే ముందు ఒక్కసారి వాళ్లతో వెళ్లండి. ఏ పరీక్షలు పెడతారో అడగండి. హెల్మెట్ ఎవరు చూస్తారో, డాక్టరు ఎక్కడ ఉంటాడో అడగండి. జవాబు సరిగా రాకపోతే నిస్సంకోచంగా వెనక్కి తీసుకురండి. వస్తే మాత్రం పక్కన నిలబడండి. వెళ్లేటప్పుడు ఒక పాత తువ్వాలు, టార్చి లైటు మరిచిపోకండి. రెండూ పనికొస్తాయి.