తీరికవేళ కుట్టిన బొంత ఖరీదెంత?

చేతిపనుల ప్రదర్శన ఏ ఊళ్లో పెట్టినా బొంతల స్టాలు దగ్గర ఒకటే సంభాషణ వినిపిస్తుంది. కొనడానికి వచ్చినావిడ బొంతను తిరగేసి, కుట్లు తడిమి చూసి, 'ఎన్ని రోజులు పట్టిందండీ?' అని అడుగుతుంది. అమ్మే ఆవిడ మొహమాటంగా నవ్వి, 'రోజులేముందిలెండి, ఇంట్లో పనయ్యాక తీరిక దొరికినప్పుడు కుట్టాను' అంటుంది. అంతే, ధర సగానికి పడిపోతుంది. తన శ్రమ ఉచితమని అమ్మేవాళ్లే చెప్పేశాక కొనేవాళ్లు ఎక్కువెందుకిస్తారు?

ఆ తీరికను ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న మామూలు బొంత. అర అంగుళానికొక వరుస చొప్పున రన్నింగ్ స్టిచ్ వేస్తే 180 వరుసలు. అన్నీ కలిపితే 10,800 అంగుళాలు, అంటే సుమారు 274 మీటర్ల కుట్టు. అంగుళానికి ఐదు కుట్లే అనుకున్నా మొత్తం 54,000. మూడు నాలుగు పొరల్లోంచి సూది దించుతూ, దారం ఎక్కిస్తూ, ముడేస్తూ నిమిషానికి 20 కుట్లు పడ్డాయనుకుంటే 45 గంటలు. ముక్కలు కత్తిరించడం, పొరలు పరిచి కచ్చా కుట్టు వేయడం, అంచు మడవడం కలిస్తే 55 గంటలు దాటుతుంది. గంటకు 60 రూపాయలే లెక్కేద్దాం. ఎనిమిది గంటల రోజుకు 480, పెద్ద కూలేమీ కాదు. అయినా చేతికూలే 3,300 అయింది. బట్ట, దారం, రానుపోను ఖర్చులకు 900 వేసుకుంటే 4,200. లాభం ఇంకా వేయనే లేదు. దీన్ని 1,500కు అమ్మితే బట్ట ఖర్చు పోగా ఆమెకు మిగిలేది 600. గంటకు 11 రూపాయలు కూడా కాదు.

పాతబట్టే కదా, దానికీ ఖర్చేమిటని మరో వాదన. ఇంట్లో పిల్లల కోసం కుట్టుకునే బొంతకైతే సరే. అమ్మకానికి కుట్టేటప్పుడు పాత చీరలు ఊరికే రావు. కొని తేవాలి, ఉతకాలి, చిరుగులున్న చోటు వదిలేసి మంచి భాగం ఏరుకోవాలి. రంగు దిగే ఎర్రచీర పక్కన తెల్ల ముక్క పెడితే మొదటి ఉతుకుకే పని పాడవుతుంది. ముందే నానబెట్టని కొత్త కాటన్‌ను వాడిన చీరకు జతచేస్తే ఒకటి కుంచించుకుని రెండోది ముడతలు పడుతుంది. ఈ తెలివికి ఏ బిల్లులోనూ వరుస ఉండదు.

మన దగ్గర బొంతంటే పేదింటి పడక. నిఘంటువు తీస్తే 'కంథ' అన్న సంస్కృత మాటకు అర్థం బొంత అనే ఉంటుంది. అదే కంథ బెంగాల్లో కాంతా అయి చీరల మీదికెక్కింది. మ్యూజియాల్లో చేరింది. 2023లో దక్షిణ 24 పరగణాల జిల్లాకు చెందిన ప్రీతికణా గోస్వామికి పద్మశ్రీ తెచ్చిపెట్టింది. బీహార్‌లో దాని చుట్టం పేరు సుజనీ. పుట్టిన బిడ్డను పడుకోబెట్టడానికి పాత చీరలు, ధోవతులు పొరలుగా వేసి కుట్టే మెత్తటి గుడ్డ. బారసాల ఇళ్లలో అమ్మమ్మల పాతచీర చేసే పని అదే కాబట్టి తెలుగువాళ్లకూ ఇది కొత్తేమీ కాదు.

ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో 1988లో విజీ శ్రీనివాసన్ నాయకత్వంలోని అదితి సంస్థ ఈ పనిని బతుకుతెరువుగా మలచడం మొదలుపెట్టింది. పాతచీరల స్థానంలో కొత్త బట్ట వచ్చింది. పూలూ చేపలూ ఉన్న చోటికి వరకట్నం, ఆడశిశువుల హత్య, ఎయిడ్స్, ఎన్నికలు వచ్చాయి. గడప దాటడమే గగనమైన స్త్రీలు తాము చూసినదాన్ని గొలుసుకుట్టులో, రన్నింగ్ స్టిచ్‌లో చెప్పారు. ఆ ఊరి నిర్మలాదేవికి 2025లో పద్మశ్రీ దక్కింది. అయితే పేరు రావడం వేరు, రేటు రావడం వేరు. కుట్టుపని ఊళ్లలో డిజైను గీసే చేతులు కొన్నే ఉంటాయి, గీసిన గీత మీద కుట్టే చేతులు వందలు. పీసుకింత అని తీసుకునే ఆ వందల చేతులకు గిరాకీ పెరిగినప్పుడు పని పెరుగుతుంది. రేటు పెరగాలని నియమమేమీ లేదు.

ఉత్తర కన్నడ జిల్లాలోని ఎల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో ఉండే సిద్దీలది వేరే దారి. ఆఫ్రికా మూలాలున్న ఈ సమాజపు స్త్రీలు కవంది అనే బొంతలు కుడతారు. ముందుగా గీసుకునే డిజైను ఉండదు. అంచున మొదలుపెట్టి, చేతికందిన ముక్కను మడిచి పెడుతూ చుట్టూ తిరిగి నడిమధ్యకు చేరతారు. చివర్న నాలుగు మూలలకూ మడతపెట్టిన చిన్న గుడ్డ పువ్వులు. అవి లేని కవంది బట్టలు కట్టుకోనట్టేనని వాళ్లంటారు. వీళ్ల బొంతలను బయట అమ్మడానికి 2004లో ఒక సహకార బృందం ఏర్పడింది. గీసిన డిజైను కొరియర్లో పంపి వంద ఒకేలా కుట్టించాలనుకునే వ్యాపారికి ఈ పద్ధతి తలనొప్పి. కుట్టే మనిషికి అదే రక్ష. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలన్న నిర్ణయం ఆమెదే కాబట్టి బొంతా ఆమెదే అవుతుంది.

చట్టానికి వస్తే, ఇంటి నుంచి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికను ఆమోదించింది. భారత్ దాన్ని ధ్రువీకరించలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో 'గృహాధారిత కార్మికుల' నిర్వచనం ఉంది కానీ అది యజమాని కోసం పనిచేసేవారిది. యజమాని ఎవరో కుట్టేవాళ్లకే తెలియకపోవడం ఈ వృత్తిలో మామూలు. ఊళ్లో బట్ట పంచే మనిషి తెలుసు, ఆయనకు పైన ఎవరున్నారో తెలియదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. బుట్టలల్లేవారు, దండలు గుచ్చేవారు కూడా ఉన్నారు. బొంత కుట్టేవారు లేరు. దర్జీల వరుసలో చోటు దొరికితే దొరికినట్టు.

పన్నులోనూ ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు కాటన్ క్విల్టుకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఇంట్లో కుట్టి ఊళ్లోనే అమ్ముకునే మహిళ టర్నోవరు రిజిస్ట్రేషన్ పరిమితికి (ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు) చాలా దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆ పన్ను నేరుగా ఆమె మీద పడదు. ఆమె దగ్గర కొని అమ్మే దుకాణానికి పడుతుంది. 2,500 గీత దాటనివ్వకూడదని దుకాణదారు చూసుకుంటే, తన లాభం మినహాయించుకుని ఆమెకు చెప్పే ధర ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పైన వేసిన లెక్కలో చేతికూలే 3,300.

అందుకే ఇంటి నుంచి ఈ వ్యాపారం చేసేవాళ్లలో తెలివైనవాళ్లు ధర మీద పోటీకి దిగరు. మిషన్ బొంతతో ఎటూ గెలవలేరు. చాలామందిని నిలబెడుతున్నది మరో రకం ఆర్డరు. పోయిన అమ్మ చీరలు, నాన్న లుంగీలు, పిల్లల చిన్నప్పటి గౌన్లు మూటగట్టి తెచ్చి, వీటితో ఒక బొంత కుట్టిపెట్టమంటారు. డబ్బున్న పనే కానీ భయపెట్టే పని కూడా. జరీ పట్టు, నైలెక్స్, నలిగిన కాటన్ అన్నీ ఒకే మూటలో ఉంటాయి. ఒకటి సూది దిగితే చిరుగుతుంది, ఒకటి జారిపోతుంది. కత్తెర పడ్డాక వెనక్కి తీసుకోవడానికి లేదు. పొరపాటు జరిగితే అలాంటి చీర ఏ బజారులోనూ దొరకదు. కాబట్టి మూట విప్పగానే ఒక్కో బట్టకూ ఫొటో తీసి, జాబితా రాసి, ఏ కొంగు కత్తిరించకూడదో అడిగి సంతకం తీసుకోవాలి. సగం డబ్బు ముందే పుచ్చుకోవాలి. పిల్లల పరీక్షలు, పండగలు, ఇంటికొచ్చే చుట్టాలు అన్నీ కలుపుకుని గడువు చెప్పాలి, ఎందుకంటే వర్క్‌షాపు వంటింటి పక్కగదే. మొదట్లో మొహమాటపడి ఇవన్నీ వదిలేసినవాళ్లు రెండో ఆర్డరు నాటికి నేర్చుకుంటారు.

ఈ ఆర్డరు ఇచ్చేవాళ్లు ఎన్ని రోజులు పట్టిందని అడగరు. ఎప్పుడిస్తారని అడుగుతారు. తీసుకెళ్లేటప్పుడు, మిగిలిన పీలికలుంటే పారేయకండి, అవి కూడా ఇచ్చేయండి అంటారు.